ఊరూ పేరూ లేని దంతం

తార్నాక దాటి, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా వెళ్లే దారిలో అడవిని గుర్తుచేసేది ఒక్కటీ కనబడదు. నడినెత్తిన మెట్రో, కింద వరంగల్ బస్సులు, హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం ఫ్యాక్టరీలు. అయినా దేశంలో నలుమూలలా ఉన్న అటవీ శాఖ సిబ్బందికి ఈ దారి బాగానే తెలుసు. లక్క ముద్ర వేసిన గుడ్డ సంచీ, దాంతోపాటు పంచనామా కాగితాలు పట్టుకుని ఇక్కడి ప్రయోగశాలల మెట్లెక్కినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ ప్రయోగశాలల్లో పెద్దది సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం. 1977లో తార్నాకలోని అప్పటి ప్రాంతీయ పరిశోధనశాల (ఆర్‌ఆర్‌ఎల్) ఆవరణలో శాస్త్రవేత్త పుష్పమిత్ర భార్గవ చేతుల మీదుగా మొదలై, 1987లో సొంత భవనంతో జాతికి అంకితమైంది. దాని ఒడిలోనే 1990ల్లో పుట్టింది సీడీఎఫ్‌డీ, అంటే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం. ఈ కేంద్రానికి స్థిరమైన చిరునామా దొరకడానికి చాలాకాలం పట్టింది. కొన్నేళ్లు నాచారం, తర్వాత నాంపల్లి, చివరికి ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు. హత్యలు, అత్యాచారాలు, పితృత్వ వివాదాల నమూనాలకు మధ్య అప్పుడప్పుడు జంతువుల ముక్కలూ ఇక్కడికి వచ్చేవి. 1998లో జోధ్‌పూర్ దగ్గర సినిమా తారలు ఇరుక్కున్న కృష్ణజింకల కేసు నమూనాలు పరీక్షకు వచ్చింది హైదరాబాద్ సీడీఎఫ్‌డీకే. వన్యప్రాణుల కోసమే అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్లు లాకోన్స్ అనే మరో ప్రయోగశాల కట్టారు. 2007లో దాన్ని జాతికి అంకితం చేసింది అబ్దుల్ కలాం.

సంచీలో ఏముంటుంది? వండిన మాంసం కావచ్చు, ఉప్పు రాసి ఎండబెట్టిన తోలు కావచ్చు, నెత్తురు ఇంకిన మట్టి కావచ్చు. ఒక్కోసారి తెల్లగా, నున్నగా, అరచేతిలో ఇమిడే చిన్న బొమ్మ. ఏనుగంత జంతువు అడవిలో చస్తే నగరానికి చేరేది ఆ బొమ్మే. దాని మీద ఏ అడవి పేరూ ఉండదు, ఏ మందదో ఉండదు, ఎప్పుడు చచ్చిందో ఉండదు. దంతం వ్యాపారం అంతా ఈ ఊరూ పేరూ లేనితనం మీదే నడుస్తుంది. కోసిన చోటు నుంచి అమ్మే చోటుకు చేతులు మారేకొద్దీ చరిత్ర చెరిగిపోవాలి, సరుకు మాత్రం మిగలాలి. ఈ అధ్యాయంలో మనం చూడబోయేది ఆ చెరిగిన చరిత్రను తిరిగి రాబట్టే విద్య. అది ఎంతదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నది కూడా.

చట్టం సంగతి ముందు చెప్పేసుకుందాం, అది సులువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగు మొదటి షెడ్యూలుకు ఎక్కింది 1977లో. 1986 సవరణ దేశవాళీ దంతం వ్యాపారాన్ని ఆపేసింది. ఆఫ్రికా దంతాన్ని అడ్డం పెట్టుకుని మన దంతాన్ని అమ్ముతున్నారని తేలాక 1991 సవరణ దిగుమతి దంతానికీ తలుపు మూసింది. అంతర్జాతీయంగా సైటీస్ ఒప్పందం కింద నిషేధం వచ్చింది 1989లో. మొదటి షెడ్యూలు జంతువుతో పట్టుబడితే మూడేళ్లకు తగ్గని జైలు, ఏడేళ్ల దాకా పోవచ్చు. కాబట్టి కోర్టు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఏ జంతువుది? దీనికి జవాబు దొరక్కపోతే కేసు అక్కడే కూలిపోతుంది. దొరికినవాడికీ, వాడి వకీలుకూ ఈ సంగతి తెలుసు.

అందుకే సాకులు మొదలవుతాయి. మొదటి సాకు: ఇది దంతమే కాదు, ఒంటె ఎముక.

దీనికి డీఎన్‌ఏ దాకా పోనక్కర్లేదు, భూతద్దం చాలు. ఏనుగు దంతమంటే పై దవడ కుంతకాలు, అంటే మనకు ముందు కనిపించే కొరికే పళ్లలాంటివే, జీవితమంతా పెరుగుతూనే ఉండేవి. లోపల గుజ్జు ఉన్న గుంటలో రోజురోజుకూ డెంటిన్ పొరలు పడుతుంటాయి, కొత్త పొర పాతదాన్ని బయటికి తోస్తుంటుంది. ఈ డెంటిన్‌లోని సన్నని నాళికలు వంకర్లు తిరుగుతూ సాగడం వల్ల దంతాన్ని అడ్డంగా కోస్తే అంచు వైపు ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనిపిస్తాయి. ష్రెగర్ గీతలంటారు. ఎముకలో ఇవి ఉండవు, అక్కడ నెత్తురు నాళాల చుక్కలుంటాయి. ప్లాస్టిక్‌లో ఏమీ ఉండదు. మన బజార్లలో దంతం పేరుతో తిరిగే సామానులో చాలా భాగం ఇక్కడే తేలిపోతుంది, కొన్నవాడి మొహం మాడిపోతుంది.

రెండో సాకు కాస్త తెలివైనది. దంతమే, కాని ఏనుగుది కాదు, మామత్‌ది. సైబీరియా మంచు నేలల్లో వేల ఏళ్ల కిందట చచ్చిన మామత్‌ల దంతాలు ఇప్పటికీ తవ్వి తీస్తున్నారు. అంతరించిన జంతువుకు సంరక్షణ చట్టం ఎందుకని వ్యాపారులు మన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు కూడా. 2003లో కోర్టు ఒప్పుకోలేదు: చట్టంలో దంతం అన్నప్పుడు మామత్ దంతం కూడా వస్తుందని తేల్చింది. మంచి తీర్పు. ఎందుకంటే దుకాణం అద్దాల వెనక రెండూ పక్కపక్కన పెడితే ఏ ఇన్‌స్పెక్టరూ కంటితో విడదీయలేడు. ప్రయోగశాలలో మాత్రం విడదీయొచ్చు. ఆ ష్రెగర్ గీతలు ఒకదాన్నొకటి ఖండించుకునే కోణం ఏనుగు దంతం అంచులో 115 డిగ్రీలు దాటి వెడల్పుగా ఉంటుంది, మామత్‌లో 90కి లోపు. మధ్యలో పడే కొలతలు చిక్కులు పెడతాయి కాబట్టి ఒక్క కోణంతో సరిపెట్టుకోకుండా చాలా కొలుస్తారు.

బొమ్మ మరీ చిన్నదైతే, నున్నగా చెక్కి మెరుగు పెట్టి ఉంటే, పొడి మాత్రమే మిగిలితే గీతలుండవు. అప్పుడు డీఎన్‌ఏ.

ఇక్కడ ఒక పాము కథ చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన లాల్జీ సింగ్ పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ పాముల క్రోమోజోముల మీద పడ్డవాడు. పసుపు నలుపు పట్టీల కట్లపాములో ఆడదానికుండే లింగ క్రోమోజోము నుంచి ఒక డీఎన్‌ఏ ముక్కను ఎడిన్‌బరోలో తోటి పరిశోధకులతో కలిసి వేరుచేశాడు. జీ, ఏ, టీ, ఏ అనే నాలుగు అక్షరాలు అందులో మళ్లీ మళ్లీ వస్తాయి. పాములో ఆడా మగా తేడా చెప్పడానికి పుట్టిన ఈ ముక్క మనిషి డీఎన్‌ఏ మీద పెట్టి చూస్తే మనిషికీ మనిషికీ తేడా చెప్పేసింది, ఎందుకంటే ఆ నాలుగక్షరాల పునరావృతాలు ఒక్కొక్కరిలో ఒక్కో లెక్కలో ఉంటాయి. 1988 నాటికి హైదరాబాద్‌లో సొంత డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి తయారైంది. కేరళలో తలశ్శేరి పితృత్వ వివాదంలో సీసీఎంబీ సాక్ష్యాన్ని కోర్టు ఒప్పుకోవడంతో అది న్యాయస్థానాల గడప దాటింది. లాల్జీ సింగ్ 1998 నుంచి 2009 దాకా సీసీఎంబీ డైరెక్టరు. ఆయన మనసు మాత్రం జంతువుల నుంచి పూర్తిగా మనుషుల మీదికి ఎప్పుడూ మళ్లలేదు. లాకోన్స్ ఆయన పట్టుదల ఫలమే.

జంతువు ఏదో చెప్పే పని ఫింగర్‌ప్రింటింగ్ కన్నా వేరు. ఇక్కడ వ్యక్తి కాదు, జాతి కావాలి. 1990ల్లో ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. డీఎన్‌ఏలోని ఒక ముక్కను కోట్ల ప్రతులుగా పెంచాలంటే (పీసీఆర్ అంటే అదే) దాని రెండు చివరలకూ అతుక్కునే చిన్న తునకలు, ప్రైమర్లు, ముందే చేతిలో ఉండాలి. ఒక్కో జంతువుకు ఒక్కో జత. అంటే సంచీలో ఉన్నది చిరుతా, దుప్పా, ఏనుగా అన్నది ముందే ఊహించి, దాని ప్రైమర్లు వేసి, తప్పితే ఇంకొకటి వేసి చూడాలి. కూరలో ఉడికిన ముక్కను చూసి ఏమని ఊహిస్తాం? సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ కలిసి 2003లో ప్రచురించిన పని ఈ ముడి విప్పింది. మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ బి జన్యువును వాళ్లు ఎంచుకున్నారు. ప్రభుత్వ ఆఫీసులో దరఖాస్తు ఫారంలాంటిదే ఇది: అచ్చువేసిన గీతలు అందరికీ ఒకటే, మధ్య ఖాళీల్లో నింపింది మాత్రం ఎవరిది వారిదే. మారని చోట్లకు అతుక్కునే ఒకే ఒక్క జత ప్రైమర్లు తయారుచేశారు. అది చేపకూ పక్షికీ పాముకూ పులికీ ఏనుగుకూ పనిచేస్తుంది. మధ్యలో నింపిన భాగాన్ని చదివి, ప్రపంచ డేటా నిధితో పోలిస్తే పేరు బయటికి వస్తుంది. ముందే ఊహించాల్సిన పని పోయింది. హైదరాబాద్ నుంచి నేర పరిశోధనకు దక్కిన కానుకల్లో నా దృష్టిలో ఇది ఫింగర్‌ప్రింటింగ్ కన్నా తక్కువదేం కాదు, పేరు మాత్రం అంత రాలేదు.

దంతం దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతికీ చెమటలు పడతాయి. మాంసంలో కణాలు కుప్పలుగా ఉంటాయి. దంతమంటే ఎక్కువ భాగం ఖనిజం, మిగతాది ముఖ్యంగా కొలాజెన్ అనే మాంసకృత్తు. డీఎన్‌ఏ ఉన్నా అక్కడక్కడా, తెగి, చితికి ఉంటుంది. డ్రిల్లు పెట్టి పొడి తీస్తే ఆ వేడికే ఉన్నదీ పోతుంది. అందుకని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి నూరుతారు, ఈడీటీఏ ద్రావణంలో రోజుల తరబడి నానబెట్టి కాల్షియం లాగేస్తారు, ఆపైన ఎంజైముతో మాంసకృత్తును కరిగిస్తారు. ముట్టుకున్న ప్రతివాడి చెమట డీఎన్‌ఏ పైన అంటుకుని ఉంటుంది కాబట్టి పై పొర ముందే గీకి పారేస్తారు. మైటోకాండ్రియాను నమ్ముకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కణంలో కేంద్రక డీఎన్‌ఏ రెండే ప్రతులు, మైటోకాండ్రియా డీఎన్‌ఏ వందలు, వేలు. నూటికి తొంభై పాడైపోయినా కొన్ని మిగులుతాయి.

సందీప్ కుమార్ గుప్తా, కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్ కలిసి ఈ దారిలో రెండు పనులు చేశారు. 2006లో, నేరానికి సంబంధించిన ముక్క ఏనుగుదేనా, అయితే ఆడదా మగదా అని చవకగా తేల్చే పద్ధతి. మగ జంతువులకు మాత్రమే ఉండే వై క్రోమోజోము జన్యువు పలికిందా లేదా అన్నది ఇలాంటి పరీక్షలకు ఆయువుపట్టు. 2011లో, ఒక దంతపు విగ్రహం నుంచి డీఎన్‌ఏ తీసి దాని మూలం ఏ జీవిదో చెప్పిన పని. చెక్కి, అరగదీసి, మెరుగు పెట్టిన బొమ్మ కూడా పలుకుతుందని దాంతో తేలింది. తంగరాజ్ తర్వాత కొంతకాలం ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీకే డైరెక్టరుగా వెళ్లాడు.

మగదని తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో చెప్పకుండా ముందుకు పోలేం. ఆఫ్రికాలో ఆడా మగా రెండింటికీ పెద్ద దంతాలుంటాయి. ఆసియా ఏనుగుల్లో బయటికి పొడుచుకొచ్చే దంతాలు మగవాటికే, అవీ అన్నిటికీ కాదు. దంతాల్లేని మగ ఏనుగును మఖ్నా అంటారు. శ్రీలంకలో దంతాలున్న మగవి పదో వంతు కూడా ఉండవు. కాబట్టి మన దగ్గర దంతం వేటంటే మంద మొత్తాన్ని కాల్చడం కాదు, ఎంచి ఎంచి మగవాటిని లాగేయడం. వీరప్పన్ ముఠా చందనం దొంగతనానికి ముందు చేయి తిరిగింది ఈ పనిలోనే. కేరళలోని పెరియార్‌లో ఒక దశలో పెద్ద ఏనుగుల్లో ఆడవి వందైతే మగది ఒక్కటి అన్నంత దాకా వచ్చింది. లెక్కల్లో ఏనుగుల సంఖ్య పెద్దగా తగ్గినట్టు కనిపించదు, మందలు మందలుగా తిరుగుతూనే ఉంటాయి, కాని గున్నలు పుట్టవు. దంతం వేటలో ఉన్న మోసం ఇది: ఏనుగులున్న అడవే లోపల్నుంచి గుల్లవుతుంది. మొజాంబిక్‌లోని గొరొంగోసాలో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దంతాలున్నవే ఎక్కువగా తూటాలకు పోగా, దంతాల్లేని ఆడ ఏనుగుల వాటా సుమారు 18 శాతం నుంచి సగానికి ఎగబాకింది. అక్కడ వేటగాడి చెయ్యే పరిణామాన్ని నడిపించింది.

మళ్లీ సాకుల దగ్గరికి వద్దాం. మూడోది తెలుగువాళ్లకు బాగా దగ్గరిది: ఇది తాతల నాటిది.

నిజంగానే తాతల నాటి దంతం మన ఇళ్లలో, మ్యూజియాల్లో ఉంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు కంపెనీ దొరల కోసం రోజ్‌వుడ్‌లో దంతం పొదిగి కుర్చీలు, మేజాలు, అద్దాల పెట్టెలు చేసేవాళ్లు. దంతం పలకల మీద సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవాళ్లు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు పనులకు ప్రత్యేకంగా గది ఉంది. చట్టం వీటిని లాక్కోదు. ధ్రువపత్రం ఉన్న పాత దంతాన్ని ఉంచుకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు. అమ్మడానికి మాత్రం లేదు. దొంగ సరుకుకు ఇదే ముసుగు. నిన్న కోసిన దంతాన్ని టీ డికాషన్‌లో ముంచి, పొగ పట్టించి పసుపెక్కిస్తే తాతల కాలానికి పోతుంది.

ముసుగు తీసేది అణుబాంబు. 1950ల్లో, 60ల తొలినాళ్లలో అమెరికా, సోవియట్ యూనియన్ వాతావరణంలో పేల్చిన బాంబుల వల్ల గాలిలో రేడియోధార్మిక కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందంతో బహిరంగ పరీక్షలు తగ్గాక అది ఏటేటా పడిపోతూ వచ్చింది. గడ్డి ఆ గాలిని పీల్చింది, ఏనుగు ఆ గడ్డి మేసింది, దంతంలో ఏ ఏడాది పొర ఆ ఏడాది కార్బన్‌ను దాచుకుంది. గుజ్జు గుంట పక్కనున్న చివరి పొరను కొలిస్తే ఏనుగు ఎప్పుడు చచ్చిందో ఏడాది రెండేళ్ల తేడాతో చెప్పొచ్చు. 2002, 2014 మధ్య పట్టుబడ్డ పెద్ద సరుకుల నుంచి 231 ముక్కలను ఇలా కొలిచి 2016లో అమెరికా శాస్త్రవేత్త థూర్ సెర్లింగ్ బృందం చెప్పిందేమంటే, నూటికి తొంభైకి పైగా ఏనుగులు సరుకు పట్టుబడటానికి ముందు మూడేళ్లలోపే చచ్చాయి. పాత నిల్వలు బయటికొస్తున్నాయన్న వాదన అక్కడితో ముగిసింది. తాతల కథ నిజమైతే ఇదే పరీక్ష తాతల పక్షాన కూడా సాక్ష్యం చెబుతుంది, ఆ సంగతీ మర్చిపోకూడదు.

ఇక చివరి సాకు, అన్నిటికన్నా గట్టిది: ఏనుగు దంతమే, కొత్తదే, కాని మా అడవిది కాదు. నేను కొన్నాను, ఎక్కడ కోశారో తెలియదు.

దీనికి ఆఫ్రికాలో జవాబు వెతికినవాడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని శామ్యూల్ వాసర్. ఆయన ముందు దంతాన్ని ముట్టుకోలేదు, పేడ ఏరించాడు. ఏనుగు పేడ బయటి జిగురులో పేగు గోడ కణాలు ఊడి ఉంటాయి, అవి చాలు. ఖండమంతా ఎక్కడి పేడలో ఏ జన్యు గుర్తులు ఎంత తరచుగా వస్తాయో పటం గీశాడు. ఆపైన ఓడరేవుల్లో పట్టుబడ్డ దంతాలను ఆ పటం మీద పెట్టి చూశాడు. 2015లో ఆయన బృందం సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫలితం చాలామందిని కదిలించింది. పదేళ్లుగా పట్టుబడుతున్న పెద్ద సరుకుల్లో గడ్డిమైదానాల ఏనుగుల దంతం అత్యధికంగా టాంజానియా ఆగ్నేయ భాగం, దాని పక్క మొజాంబిక్ నుంచి. దట్టమైన అడవుల్లో ఉండే ఏనుగులది గాబన్, కాంగో, కామెరూన్ కలిసే చోటు నుంచి. ఖండమంతా కాపలా కాయనక్కర్లేదు, రెండు చోట్లు గట్టిగా కాస్తే చాలన్నమాట. 2018లో ఇంకో అడుగు వేశారు. ఒకే ఏనుగు కుడి ఎడమ దంతాలు వేర్వేరు ఓడల్లో, వేర్వేరు నెలల్లో పట్టుబడ్డాయని డీఎన్‌ఏతో జతచేసి, విడివిడి కేసులు ఒకే ముఠావని చూపించారు.

దక్షిణ భారతంలో ఈ పని అంత తేలిక కాదు. ఆడ ఏనుగులు పుట్టిన మందను వదలవు, మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. కాబట్టి మైటోకాండ్రియా గుర్తు చెప్పేది తల్లి మంద ఏ ప్రాంతానిదో. శాస్త్రవేత్తలు విద్య, ఫెర్నాండో, మెల్నిక్, సుకుమార్ 2005లో చూపించినట్టు పాలక్కాడ్ కనుమకు అటు అనైమలై, పెరియార్ ఏనుగులు, ఇటు నీలగిరి ఏనుగులు వేరు. అంతవరకు బాగానే ఉంది. కాని కనుమకు ఇవతల నీలగిరి వైపు, ఆసియాలోనే అతి పెద్ద ఏనుగుల సమూహంలో, మైటోకాండ్రియా దాదాపు అంతటా ఒకే రకం. బందీపూర్ దంతమూ ముదుమలై దంతమూ సత్యమంగలం దంతమూ ఆ పరీక్షకు ఒకటే.

మన కుప్పం ఏనుగులదీ అదే కథ. సుమారు రెండు శతాబ్దాలు ఏనుగన్నది లేని చిత్తూరు జిల్లాకు 1980ల్లో హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి మందలు నడిచి వచ్చాయి. 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రక్తం నీలగిరి తూర్పు కనుమల వాటిదే కాబట్టి పలమనేరులో కోసిన దంతాన్ని మైటోకాండ్రియా చూసి పలమనేరుదని ఎవరూ చెప్పలేరు. 2025లో రాచకొండ పోలీసులు ఎల్బీ నగర్ ప్రాంతంలో శేషాచలం వైపు నుంచి వచ్చిన రెండు దంతాలను పట్టుకున్నారు. పట్టుబడింది ఉప్పల్ నుంచి మెట్రో దూరంలో. ఇలాంటి చోట దంతం ఏనుగుదా అన్నది ప్రశ్నే కాదు, రెండు చూపులు చాలు. అసలు ప్రశ్న అది ఏ ఏనుగుది అని. దాన్ని చంపారా, చచ్చినదాని దగ్గర కోశారా, అటవీ శాఖ లెక్కలో ఆ కళేబరం ఉందా?

    

ఏ ఏనుగుది అన్నదానికి జవాబు చెప్పగల విద్య చేతిలోనే ఉంది, లాల్జీ సింగ్ పాము నేర్పిన విద్యే. కేంద్రక డీఎన్‌ఏలో చిన్న పునరావృతాల లెక్కలు పది పదిహేను చోట్ల చదివితే ఏ రెండు ఏనుగులకూ ఒకే లెక్క రాదు. కాని పోలికకు రెండు కావాలి. దంతం ఒకవైపు ఉంటే, రెండోవైపు ఏది? ఆ రెండోది ప్రయోగశాలలో పుట్టదు, అడవిలో పుట్టాలి. కౌండిన్యలో ఏనుగుల ప్రాణం తీసేది వేటగాడి తూటా కన్నా పొలం కంచెకు రహస్యంగా తగిలించిన కరెంటు తీగే ఎక్కువ. ఏనుగు చచ్చిందని తెలిసి బీటు ఆఫీసరు వెళ్లేసరికి పోస్ట్‌మార్టం, జేసీబీతో గొయ్యి, పంచనామా జరిగిపోతాయి. ఆ తొందరలో చెవి తునకో, తోలు ముక్కో ఆల్కహాలు సీసాలో వేసి, తేదీ, చోటు రాసి పెడితే రూపాయి ఖర్చు లేని పని. ఆ సీసా లేకపోతే రెండేళ్ల తర్వాత నగరంలో దొరికిన దంతానికి కోట్ల రూపాయల యంత్రం కూడా ఊరి పేరు చెప్పలేదు. అటవీ శాఖ ఖజానాల్లో ఉన్న దంతాల నుంచీ ఇలాగే చిటికెడు పొడి తీసి లెక్క చదివి పెట్టుకోవాలి. ఖజానా నుంచి జారిన దంతం బజారుకొస్తే గుర్తుపట్టే దారి అదొక్కటే. పెంపుడు ఏనుగుల విషయంలో ఈ పని మొదలైంది, కేంద్ర పర్యావరణ శాఖ, డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ కలిసి గజ్ సూచన యాప్‌లో వాటి జన్యు గుర్తులు ఎక్కిస్తున్నాయి.

అడవి ఏనుగులకు అనుకోకుండా ఒక పెద్ద నిధి తయారైంది. 2025 అక్టోబరులో వెలువడిన దేశవ్యాప్త ఏనుగుల లెక్క మొదటిసారి డీఎన్‌ఏ ఆధారంగా చేశారు. 21,056 పేడ నమూనాలు సేకరించి, 11 పునరావృత గుర్తులు చదివి, 4,065 వేర్వేరు ఏనుగులను గుర్తుపట్టారు. ఒకే ఏనుగు పేడ ఎన్నిసార్లు మళ్లీ దొరికిందన్న లెక్క నుంచి దేశంలో 22,446 ఏనుగులున్నాయని అంచనా కట్టారు. వార్తాపత్రికలన్నీ ఈ చివరి అంకె మీదే కూర్చున్నాయి, 2017 నాటి లెక్క కన్నా తగ్గిందా లేదా అని. పద్ధతులే వేరైనప్పుడు ఆ పోలికకు అర్థం లేదు. దంతం కేసులకు పనికొచ్చేది ఆ మధ్య అంకె, 4,065. అన్నేసి ఏనుగుల జన్యు గుర్తులు, ఏ అడవిలో ఎక్కడ పేడ వేశాయో ఆ చోటుతో సహా నమోదై ఉన్నాయి. వాటిలో ఏ దంతాల మగదైనా రేపు ముక్కలై సంచీలో వస్తే పేరు పెట్టి పిలవొచ్చు. నమోదు కానిదైనా, ఆ చుట్టుపక్కల దాని అక్కచెల్లెళ్లు, గున్నలు నమోదై ఉంటే బంధుత్వం పట్టుకుని అడవిని చెప్పొచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. తాజా పేడలో పొడవాటి గుర్తులు కూడా పలుకుతాయి. దంతంలో డీఎన్‌ఏ చితికి పొట్టి ముక్కలై ఉంటుంది కాబట్టి పొడవాటివి పలకవు. ప్రయోగశాల తనకు అలవాటైన వేరే గుర్తులు వాడితే దంతం నుంచి అచ్చమైన ఫలితం వచ్చినా నిధితో పోల్చడానికి వీలుండదు. పేడకు వాడిన ఆ 11లో దంతపు పొడిలోనూ నమ్మకంగా పలికే పొట్టివి ఎన్నో, ఎన్ని పలికితే కోర్టులో నిలబడుతుందో తేల్చాలి. హబ్సిగూడలోనో, ఉప్పల్‌లోనో, అత్తాపూర్‌లోనో ఒకరి పీహెచ్‌డీకి సరిపోయే పని ఇది.